పుంటికూరకు కోసిన మార్కులు

చిన్నప్పటి మా పక్కింటి ఖాసింబీ పోయిన నలభయ్యో రోజు భోజనాలకు సికింద్రాబాదు కార్ఖానా పేటకు వెళ్ళాను. మా అల్వాల్ నుంచి పెద్ద దూరమేమీ కాదు. అయినా వెళ్ళి పదేళ్ళు దాటింది. వాకిట్లో షామియానా వేసి మగవాళ్ళను కూర్చోబెట్టారు. ఆడవాళ్ళకు లోపలి గదిలో పొడుగ్గా గుడ్డ పరిచి వడ్డిస్తున్నారు. నేనొక మూల సర్దుకుని కూర్చోగానే పక్కనున్న పెద్దావిడ "ఎవలు బిడ్డా నువ్వు? యాడికెల్లి వచ్చినవ్?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఖాసింబీ కూతురు శంషాద్ చేతిలో గిన్నెతో అక్కడికి వచ్చి, "మా పాత టీచరమ్మ బిడ్డ చిన్నమ్మా. నాకు ముప్ఫైకి నాలుగు మార్కులేసిన టీచరమ్మ లేదా, ఆమె బిడ్డ" అంది. గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా నవ్వారు. పోయిన మనిషి పేరున అన్నం తింటూ అలా నవ్వవచ్చో కూడదో నాకు తెలియదు గానీ, నాకూ నవ్వు ఆగలేదు. పెద్దావిడ నా వైపు జరిగి, "పుంటికూరకు మార్కులు కోసినామె బిడ్డవా!" అంటూ నన్ను కొత్తగా, పైనుంచి కింది దాకా చూసింది. మా అమ్మ చనిపోయి చాలా ఏళ్ళయింది. మా బంధువుల్లోనే ఆమెను తలుచుకునేవాళ్ళు తక్కువ. ఆ ఇంట్లో మాత్రం, నేను పేరు కూడా ఎరగని మనుషుల నోట్లో, ఎర్రసిరా కలంతో సహా బతికే ఉంది. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ రోజులే కళ్ళ ముందు తిరిగాయి.

మా అమ్మ పేరు దయామణి. పుట్టింది నరసాపురంలో. నాన్నది గుంటూరు దగ్గర ఒక పల్లె. నాన్నకు రైల్వే ఆఫీసులో గుమాస్తా పని. సికింద్రాబాదుకు బదిలీ అయి మేమంతా కార్ఖానాలో అద్దెకు దిగేనాటికి నాకు పదేళ్ళు. అమ్మకు ఒక ఆడపిల్లల బడిలో తెలుగు టీచరు ఉద్యోగం దొరికింది. మేము దిగిన ఇల్లు ఒక వరసలో కట్టిన రెండు వాటాలు. మధ్యలో నా భుజం ఎత్తు గోడ, వాకిట్లో ఇద్దరికీ ఒకే కుళాయి. పక్క వాటాలో ఖాసింబీ, ఆమె భర్త యాకూబ్, వాళ్ళమ్మాయి శంషాద్, ఇంకా పాలపళ్ళు ఊడని తమ్ముడు. యాకూబ్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. వాళ్ళది జనగామ వైపు. తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబం. యాకూబ్ పని చేస్తున్నప్పుడు దూది పోగులు గోడ దాటి మా వాకిట్లోకి ఎగిరొచ్చేవి. మా చారులో, నాన్న కళ్ళజోడు మీద, అమ్మ దిద్దే కాగితాల మీద, బైబిలు పేజీల మధ్య ఎక్కడ చూసినా దూదే. దానికి అమ్మ ఏమీ అనేది కాదు. ఆమె సహించలేనిది తప్పు మాట ఒక్కటే.

ఈ విషయంలో అమ్మకు చిన్నా పెద్దా తేడా లేదు. పాలవాడు "పాలు గావాల్నా" అంటే ముందుకు చాచిన గిన్నె వెనక్కి తీసుకుని "కావాలా, అనాలి" అనేది. అతను సరిగ్గా పలికాకే గిన్నె మళ్ళీ ముందుకు వచ్చేది. పాపం, అతను నెల తిరక్కుండానే మా గుమ్మం దగ్గర మాట్లాడటం మానేసి గంట కొట్టడం మొదలుపెట్టాడు. చర్చిలో పెద్దలు ప్రార్థన చేస్తున్నప్పుడు అమ్మ కళ్ళు గట్టిగా మూసుకునే ఉండేది గానీ, ఎవరైనా ఒత్తు మింగేస్తే ఎడమ కనుబొమ్మ పైకి లేచేది. ప్రార్థనలో కళ్ళు తెరవడం తప్పని తెలిసీ నేను ఆ కనుబొమ్మ కోసమే తెరిచి చూస్తూ ఉండేదాన్ని.

మేము దిగిన మర్నాడు పొద్దున్నే ఖాసింబీ గోడ మీదుగా తొంగి చూసి, ఆఫీసుకు బయల్దేరుతున్న నాన్నను "బువ్వ తిన్నరా సారూ?" అని పలకరించింది. నాన్న నవ్వాపుకుంటూ "తిన్నానమ్మా" అని వెళ్ళిపోయాడు. అమ్మ మాత్రం లోపలికొచ్చి, "నలభై ఏళ్ళ మనిషిని పట్టుకుని బువ్వ తిన్నావా అంటుందేమిటి, చంటిపిల్లాణ్ణి అడిగినట్టు!" అంది. మా వైపు బువ్వంటే పాలు మరవని పిల్లలు తినేది. ఇక్కడ అందరూ తింటారని మాకప్పుడు తెలియదు. ఆ రోజు నుంచి అమ్మకు గోడవతలి ఇల్లు ఒక పెద్ద తప్పుల పుస్తకంలా కనిపించడం మొదలైంది. వాళ్ళు బంగాళాదుంపను ఆలుగడ్డ అంటారు. వేరుశనగ గుళ్ళను పల్లీలంటారు. గోరుచిక్కుడు గోకరకాయ. మజ్జిగ సల్ల. రోటి పచ్చడి తొక్కు. అన్నిటినీ మించి, మా ఇళ్ళలో ఆవకాయ తర్వాత అంత గౌరవం ఉన్న గోంగూరను పట్టుకుని పుంటికూర అంటారు. "పుంటికూరేమిటి, గోంగూర ఏం పాపం చేసిందని?" అనేది అమ్మ.

నాకు ఈ గోడ మహా సరదాగా ఉండేది. ఇటు గోంగూర, అటు పుంటికూర. రుచి మాత్రం అటుదే ఎక్కువ, ఎందుకంటే ఖాసింబీ ఎండుమిరపకాయలు నూనెలో వేయించి, ఆకుతో పాటు రోట్లో కచ్చాపచ్చాగా నూరి, వేడి అన్నంలో కలిపి నోట్లో పెట్టేది. అమ్మ "వెల్లుల్లి నాలుగు పాయలు అడిగి పట్రా" అని పంపితే, నేను గోడ దాటుతూ దాటుతూనే మాట మార్చుకుని "ఎల్లిగడ్డ ఉంటే ఇయ్యమంది అమ్మ" అనేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ మార్చుకోవాలి. ఒకసారి తొందరలో మరిచిపోయి "ఇదిగోమ్మా ఎల్లిగడ్డ" అన్నాను. వెల్లుల్లి అని యాభైసార్లు రాయించింది. నేను గడప మీద కూర్చుని రాస్తుంటే ఖాసింబీ చూసి, "ఏంది ఇమలా, పరీచ్చలు షురూ అయినయా?" అని జాలిపడింది. నా పేరు విమల. ఆ ఇంట్లో నేనెప్పుడూ ఇమలనే. అమ్మ దాన్ని కూడా దిద్దబోయింది గానీ ఖాసింబీ ఎంత ప్రయత్నించినా ఆ 'వి' పలకలేదు.

ఇన్ని సణుగుళ్ళున్నా ఇద్దరూ స్నేహంగానే ఉండేవాళ్ళు. సాయంత్రాలు అమ్మ గోడకిటు కాగితాలు దిద్దుతూ, ఖాసింబీ అటు పల్లీలు వేయిస్తూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఆ పల్లీల వాసన, కిరసనాయిలు పొయ్యి వాసన, తడిసిన కుళాయి గట్టు వాసన కలిసి ముక్కుకు తగిలితే ఇప్పటికీ నాకు సాయంత్రం ఆరయినట్టే అనిపిస్తుంది. ఆ స్నేహం ఒక దుంప వల్ల చెడింది.

మా చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారిని, ఆయన భార్య అమ్మగారిని అమ్మ సాయంత్రం టీకి పిలిచింది. కొత్త ఊళ్ళో మొదటిసారి అయ్యగారు మా గుమ్మం తొక్కుతున్నారు. అమ్మ వారం ముందు నుంచే కర్టెన్లు ఉతికింది. చిక్కేమిటంటే, అయ్యగారికి డాక్టరు నూనె వస్తువులు మానెయ్యమన్నాడు. జంతికలు లేవు, గారెలు లేవు, మరేం పెట్టాలి? గోడ మీదుగా ఖాసింబీని అడిగింది. ఖాసింబీ క్షణం కూడా ఆలోచించకుండా, "గంతేనా టీచరమ్మా! కందగడ్డ ఉడకబెట్టుండ్రి. జెర్రంత ఉప్పేస్తే సాలు. నోట్లె ఏస్తే కరిగిపోతది, బెల్లం లెక్క" అంది. అమ్మ కొంచెం సందేహించింది. మా వైపు కందంటే ఏనుగు పాదమంత ఉంటుంది, మట్టి రంగులో, గరుకుగా. చింతపండు దండిగా పోసి, బచ్చలాకు వేసి, ఆవ పెట్టి వండితే తప్ప గొంతు దురద పోదు. కానీ ఈ ఊరి కంద వేరే రకమేమో, ఇక్కడి నేలలో తియ్యగా ఊరుతుందేమో అనుకుంది. నాన్నను మోండా మార్కెట్టుకు పంపింది. నాన్న అక్కడ నోరు విప్పి అడిగి ఉంటే మా ఇల్లు నిలబడేది. ఆయనకు బేరమాడటం సిగ్గు. తనకు తెలిసిన కందను వేలితో చూపించి, తూయించుకుని, సంచిలో వేసుకుని వచ్చేశాడు.

అయ్యగారు పొడుగ్గా, మెల్లగా మాట్లాడే మనిషి. మర్యాదస్తుడు. అమ్మ పింగాణీ ప్లేట్లలో తెల్లగా ఉడికిన కంద ముక్కలు పేర్చి పెడితే, "ఆహా, దుంప" అని ప్రార్థన చేసి ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. నేను తలుపు వెనక నుంచి చూస్తున్నాను. మొదటి ముక్కకు ఆయన ముఖంలో ఆశ్చర్యం కనిపించింది. కానీ ఎదురుగా మా అమ్మ చేతులు కట్టుకుని ఆశగా నిలబడి ఉంది కదా, రెండోది కూడా తీసుకున్నారు. అమ్మగారు ఒక ముక్కతోనే ఆపి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గొంతు సవరించుకోవడం మొదలుపెట్టింది. నాన్న పెదవులు గోక్కుంటున్నాడు. అయ్యగారు "దయామణమ్మగారూ, చాలా..." అని ఆగారు. చాలా ఏమిటో మాకు ఈనాటికీ తెలియదు. ఆ తర్వాత ఆయన గొంతులోంచి పిల్లి పిలిచినట్టు ఒక సన్నటి శబ్దం తప్ప ఏమీ రాలేదు. మజ్జిగ ఇచ్చాం, చింతపండు రసం ఇచ్చాం, బెల్లం ఇచ్చాం. వెళ్ళేముందు ఇంటి కోసం చేయవలసిన ప్రార్థన ఆయన చేతులెత్తి మౌనంగానే చేశారు. ఆ ఆదివారం ప్రసంగం పది నిమిషాల్లో ముగిసింది. చర్చి బయట చాలామంది అమ్మను చూసి ఎందుకో ఆప్యాయంగా నవ్వారు. అది ఆమెను ఇంకా కుంగదీసింది.

అయ్యగారు గేటు దాటగానే హడావుడి విని ఖాసింబీ పరిగెత్తుకొచ్చింది. వంటింట్లో చెక్కి పారేసిన కంద పెచ్చులు చూసి నోరు నొక్కుకుంది.

"గిదేంది టీచరమ్మా? నేను చెప్పింది గిది గాదు! కందగడ్డ ఎర్రగ, సన్నగ, పొడుగ్గ ఉంటది. శివరాత్రికి ఉపాసమున్నోళ్ళు తింటరు సూడు, గది!"

"చిలగడదుంపా?" అంది అమ్మ. ఆమె గొంతు కూడా అప్పటికే బొంగురుపోయింది. "చిలగడదుంపనా నువ్వు కందగడ్డ అన్నది? ఆ ముక్క తెలుగులో చెప్పి ఏడవచ్చుగా!"

ఖాసింబీ చేతిలోకి తీసుకున్న పెచ్చును కింద పెట్టింది. తర్వాత చాలా నెమ్మదిగా, "నేను చెప్పింది తెలుగు గాదా టీచరమ్మా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. సాయంత్రం పల్లీలు వేగిన వాసన మామూలుగానే వచ్చింది గానీ గోడ మీదుగా రోజూ వచ్చే పల్లీల పొట్లం రాలేదు. కుళాయి దగ్గర ఇద్దరూ ఎదురుపడితే బిందెలు మాత్రమే చప్పుడు చేసేవి.

ఆ పంతాలు పంతాలుగా ఉండగానే మాకు సంవత్సర పరీక్షలు వచ్చాయి. శంషాద్, నేను ఆరో తరగతిలో ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళం. తెలుగు మా అమ్మే చెప్పేది. వ్యాసానికి విడిగా ముప్ఫై మార్కులు, పది వస్తే పాసు. 'మా ఇంటి వంట' అన్నది అంశం. పరీక్షకు ముందు అమ్మ తరగతిలో "మీ ఇంట్లో చూసినది చూసినట్టు, ఉన్నది ఉన్నట్టు రాయండి. పుస్తకాల్లోవి ఎత్తి రాయకండి" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆ మాట మేమెవరమూ పట్టించుకోలేదు. నేను పుస్తకంలో వాక్యాలే అటూ ఇటూ తిప్పి, 'మా గృహమున షడ్రసోపేతమగు భోజనము' అని మొదలుపెట్టి ఇరవై ఆరు తెచ్చుకున్నాను. టీచరు మాట విని ఉన్నది ఉన్నట్టు రాసింది తరగతి మొత్తం మీద శంషాద్ ఒక్కతే. ఆమె కాగితం నిండా ఎర్రగీతలు. పుంటికూర కింద గీత, తొక్కు కింద గీత, బువ్వ కింద రెండు గీతలు. ముప్ఫైకి నాలుగు.

కంద మీది కోపమంతా అమ్మ ఆ కాగితం మీద చూపించిందని నాన్న అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "తప్పుకు తప్పని గీశాను. ఎవరి పిల్లయినా ఒకటే" అంది. నిజానికి ఆమె అలాగే అనుకుంటోందనీ, అందుకే దాన్ని మార్చడం కష్టమనీ నాకు అప్పుడే తోచింది. రెండు రోజుల తర్వాత కుళాయి దగ్గర శంషాద్ ముక్కు ఎగబీలుస్తూ, "మా నాయిన బడి బంద్ జేస్తడంట. తెలుగోల్ల పిల్ల తెలుగులనే తప్పినంక ఇగ ఇంగిలీసు, లెక్కలు ఏమొస్తయన్నడు. సెలవులైనంక సూది దారం పట్టుకోమన్నడు" అని చెప్పింది. యాకూబ్ చెడ్డవాడు కాదు. టీచరమ్మ రాసిందంటే అది కోర్టు తీర్పులాంటిదని నమ్మిన మనిషి. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. అమ్మకు చెప్పాను. అమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది.

ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి ఖాసింబీ మా వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో కూరగాయల గంప. వెనక శంషాద్, చేతిలో ఆ కాగితం. నాన్న పరిస్థితి చూసి చొక్కా కూడా మార్చుకోకుండా పడకకుర్చీలో కూలబడి వారపత్రిక ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"లొల్లి వెట్టుకోనీకి రాలే టీచరమ్మా," అంది ఖాసింబీ. "అడగనీకి వచ్చిన. నేను సదువుకోలే. నా బిడ్డకు సక్కగ నేర్పాలంటే ముందుగల నాకు తెల్వాలె గద. గిదేంది?"

ఆకుకూర కట్ట పైకెత్తింది. "గోంగూర," అంది అమ్మ.

"గియ్యి?"

"గోరుచిక్కుళ్ళు."

"గిది?"

"బంగాళాదుంప."

"బంగాళంల పుట్టిందా? మాకు గది యాడ పుట్టిందో తెల్వదు, గడ్డ లెక్కుంటదని గడ్డంటం. సరే తియ్. మరి గిది?" అంటూ గంప అడుగు నుంచి నున్నటి, లేత కాయ ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మేం ఆనిగెపుకాయ అంటం."

"ఆనపకాయ," అంది అమ్మ.

"సొరకాయ," అంది వారపత్రిక.

అందరూ వారపత్రిక వైపు తిరిగారు. నాన్న కావాలని అనలేదు. గుంటూరు మనిషి నోట్లోంచి దానంతటదే జారింది. పత్రిక నెమ్మదిగా కిందికి దించి అమ్మ ముఖం చూశాడు. ఇక దాక్కుని లాభం లేదనుకున్నాడో ఏమో, ఖాసింబీ వైపు తిరిగి, "మా పెళ్ళైన కొత్తలో ఏమైందనుకున్నావమ్మా..." అని మొదలుపెట్టాడు.

"ఆ సంగతి ఇప్పుడెందుకండీ!" అంది అమ్మ.

"చెప్పనియ్యి దయా. మా అమ్మ పొలానికి వెళ్తూ, సొర తెచ్చి పెట్టాను, పులుసు పెట్టమ్మాయ్ అని కొత్తకోడలికి చెప్పి వెళ్ళింది. ఈవిడేమో నరసాపురం పిల్ల. సముద్రం పక్కన పుట్టింది. వాళ్ళకు సొరంటే చేప. అల్లం, వెల్లుల్లి, ధనియాలు, గసగసాలు అన్నీ ముద్దగా నూరింది. చేప చర్మం గీకడానికి వేడినీళ్ళు కాచింది. కత్తిపీట వేసుకుని చేప కోసం ఇల్లంతా వెతికింది. మా అమ్మ మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి ఈవిడ నీళ్ళ తొట్టిలో చెయ్యి పెట్టి దేవులాడుతోంది. సొర ఎక్కడుందత్తయ్యా, పారిపోయిందా? అని అడిగింది. సొరకాయ ఆవిడ పక్కనే, గోడకు ఆనించి ఉంది!"

ఖాసింబీ నవ్వు మొదట ముక్కులోంచి వచ్చింది. తర్వాత ఒళ్ళోంచి కాయ దొర్లిపోయేలా నవ్వింది. శంషాద్ కాగితం నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నవ్వుతూనే భయంగా అమ్మను చూశాను. అమ్మ నవ్వలేదు. దొర్లిపోయిన కాయను వంగి తీసి, దాని మీది మట్టి తుడుస్తూ నిలబడింది.

"మూడు నెలలు నన్ను సొరచేప కోడలన్నారు," అంది చివరికి. "ఊళ్ళో ఎవరొచ్చినా పిలిచి చూపించేవారు. ఆ రోజు దొడ్లో కూర్చుని ఏడ్చాను. మా ఊరి మాటేగదా నాకొచ్చింది, నేనేం తప్పు చేశానని."

అన్న తర్వాత తను అన్నదే తనకు వినిపించినట్టు ఆగిపోయింది. ఖాసింబీ నవ్వు ఆగింది. శంషాద్ మాత్రం, ఎవరూ అడక్కుండానే, సన్నగా "మీరే ఉన్నదున్నట్టు రాయమన్నరు టీచర్" అంది.

అమ్మ చెయ్యి చాపింది. కాగితం తీసుకుని, వరండా స్తంభానికి ఆనుకుని, తరగతిలో పాఠం చదివే గొంతుతో పైకి చదవడం మొదలుపెట్టింది. 'మా అమ్మ పొద్దుగాల పుంటికూర తొక్కు నూరుతది. రోలు సప్పుడుకు తమ్ముడు లేస్తడు. లేవంగనే బువ్వ అంటడు. మా నాయిన పని కాంచి వస్తే మీసాలల్ల దూది ఉంటది. అమ్మ ముందుగల దూది దులిపి అటెన్క బువ్వ పెడ్తది. ఒక్కోపారి దూది పోదు. సల్ల తాగినంక ఏది దూదో ఏది సల్లనో ఎరికపడదు.' అక్కడికి వచ్చేసరికి అమ్మ గొంతు కదిలింది. అది నవ్వు. ఖాసింబీ ఇంటి మాటకు రెండు నెలల తర్వాత అమ్మ నవ్విన మొదటి నవ్వు. ఖాసింబీ మటుకు నవ్వలేదు. తన వంటిల్లు, తన రోలు, తన మొగుడి మీసాలు, టీచరమ్మ నోట అంత గౌరవంగా వినిపిస్తుంటే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"మాటల కింద గీతలు గీసుకుంటూ పోయాను," అంది అమ్మ నాన్నతో. "మీసాల్లో దూది ఉందని చూడనే లేదండీ." లోపలికి వెళ్ళి ఎర్రకలం తెచ్చి, నాలుగు కొట్టేసి ఇరవై రెండు వేసింది. "ఒత్తులు లేవు, దీర్ఘాలు లేవు. వాటికి ఎనిమిది కోశాను. మాటలకు కొయ్యలేదు" అని శంషాద్ చేతికిచ్చింది.

"ఒత్తులకు కోసుకో టీచరమ్మా," అంది ఖాసింబీ వెంటనే. "గవి మాకు సుత నోరు తిరగయి."

అయితే మార్కుల పట్టీ అప్పటికే ప్రధానోపాధ్యాయురాలి బల్ల మీదికి వెళ్ళిపోయింది. దాన్ని మార్చాలంటే అమ్మ స్వయంగా వెళ్ళి, నేను దిద్దడంలో పొరపాటు చేశాను అని చెప్పాలి. ఇంతమందిని దిద్దిన మనిషికి అదెంత కష్టమో సోమవారం ఆమె గంజి పెట్టిన చీర కట్టుకున్న తీరులోనే తెలిసింది. నేను గది బయట కిటికీ పక్కన నిలబడ్డాను. ప్రధానోపాధ్యాయురాలు కర్నూలు వైపు మనిషి. కాగితం చూసి, "గోకరకాయంటే ఏమ్మా?" అంది. "గోరుచిక్కుళ్ళండీ," అంది అమ్మ. "అంటే?" అమ్మ కలం తీసి కాగితం ముక్క మీద బొమ్మ గీసింది. "ఓ, మటిక్కాయలా! ముందే చెప్పకూడదా?" అని సంతకం పెట్టేసింది. మటిక్కాయల్ని అమ్మ దిద్దలేదు. గుమ్మం దాటి వస్తున్నప్పుడు ఎడమ కనుబొమ్మ ఒక్కసారి లేచి దిగింది, అంతే.

ఆ సాయంత్రం యాకూబ్ వచ్చి గడప బయటే నిలబడి, "ఇరవై రెండంటే మంచిదేనా సార్?" అని నాన్నను అడిగాడు. "మా అమ్మాయి కన్నా మీ అమ్మాయే బాగా రాసింది," అన్నాడు నాన్న, నేను అక్కడే ఉన్నానని కూడా చూడకుండా. నాకు ఉక్రోషం వచ్చింది. ఇరవై ఆరు మార్కులు తెచ్చుకున్న నా షడ్రసోపేతమైన వ్యాసాన్ని మా ఇంట్లో ఎవరూ మళ్ళీ చదవమని అడగలేదు. శంషాద్ బడి మానలేదు. తర్వాత నర్సింగు చదివి, మూడు ఆసుపత్రుల్లో పనిచేసి, హెడ్ నర్సుగా రిటైరైంది. ఏ ఊరి రోగి ఏ మాటతో నొప్పి చెప్పినా ఆమెకు అర్థమయ్యేదని పేరు.

మేము కార్ఖానాలో ఇంకో పదమూడేళ్ళున్నాం. ఆ పదమూడేళ్ళలో అమ్మ నాలుక ఎప్పుడు మారిందో ఆమెకే తెలియదు. ఒక పెళ్ళికి నరసాపురం వెళ్ళినప్పుడు బజారులో "ఆలుగడ్డలు, పల్లీలు ఇవ్వు" అందట. అమ్మేవాడు నవ్వి "ఏ ఊరండీ తమరిది, తెలంగాణా వైపా?" అన్నాడట. తన తండ్రి పేరు, తాత పేరు, ఆ వీధి పేరు చెప్పినా వాడు నమ్మలేదట. తిరిగొచ్చి, సంచి కింద పెట్టకముందే గోడ దగ్గరకు వెళ్ళి, "పుట్టిన ఊళ్ళోనే నన్ను పరాయిదాన్ని చేశారు ఖాసింబీ" అని మొర పెట్టుకుంది. ఖాసింబీ పల్లీలు కలుపుతూ, తల కూడా ఎత్తకుండా, "ఎన్ని మార్కులు కోసిన్రు టీచరమ్మా?" అని అడిగింది.

ఇప్పుడు నేనుండే అపార్టుమెంటులో కూరగాయలు మోటారుసైకిలు మీద వస్తాయి. సంచీ మీద అన్నిటి పేర్లూ ఇంగ్లీషులోనే ఉంటాయి. కందకు ఒకటి, చిలగడదుంపకు ఒకటి, ఎక్కడా పొరపాటు పడే వీల్లేకుండా. ఏ అయ్యగారి గొంతూ పట్టుకుపోదు. గోడలు అప్పటికంటే చాలా ఎత్తు. ఎవరి పొయ్యి మీద ఏం వేగుతోందో వాసన రాదు. పొరుగువాళ్ళతో నాకు తగాదాలు లేవు. తగాదా పడాలంటే ఒక మాటయినా మాట్లాడాలి కదా. మేడమీద ఇంట్లో ఎవరో కొత్తగా దిగారని లిఫ్టులో ఎక్కించిన సామాను చూసి అనుకోవడమే తప్ప ఆరు నెలలుగా వాళ్ళ ముఖం చూడలేదు.

పోయిన వారం తలుపు గంట మోగింది. నలభై ఏళ్ళావిడ, చేతిలో గరిటె. "పైనింట్లో ఉంటామ్మా. మాది మదనపల్లె. కూర పొయ్యి మీద ఉండాది, రెండు ఎర్రగడ్డలుంటే ఇస్తారా?" అంది. తెలుగు టీచరు కూతుర్ని, ఇన్నేళ్ళు పుస్తకాలు రాసిన దాన్ని, తెలియదని ఎలా ఒప్పుకుంటాను? ఎర్రగా ఉండే గడ్డ ఏదా అని ఫ్రిజ్ అంతా వెతికి, పెద్దవి చూసి రెండు బీట్‌రూట్లు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె వాటిని చూసింది, నన్ను చూసింది, గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. "ఉల్లిపాయలు మా! మా పక్క ఎర్రగడ్డంటే ఉల్లిపాయలే మా!" అంది గరిటె ఊపుతూ. లోపలికి రమ్మని రెండు ఉల్లిపాయలు తెచ్చి బల్ల మీద పెట్టాను. మరి వెల్లుల్లిని ఏమంటారని అడిగాను. తెల్లగడ్డంది. బంగాళాదుంపను ఉర్లగడ్డంది. చిలగడదుంపను గెనుసుగడ్డంది. నేను వంటింట్లోంచి ఒక్కొక్కటీ తెచ్చి బల్ల మీద పెడుతూ అడుగుతూనే ఉన్నాను, ఆమె చెబుతూనే ఉంది. పైనుంచి మాడు వాసన దిగి వచ్చాక గానీ పొయ్యి సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. ఆమె ఉల్లిపాయలు బల్ల మీదే వదిలేసి మెట్ల మీదుగా పరిగెత్తింది. నేను వాటిని చెంగులో వేసుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ, ఆ మెట్లు మొదటిసారి ఎక్కాను.